దొరగారి వాక్యం

మా షాపు తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీకి ఎదురుగా ఉంటుంది. జెరాక్స్, లామినేషన్, స్పైరల్ బైండింగ్, పీహెచ్‌డీ థీసిస్ అని బోర్డు మీద వరసగా రాసి ఉంటుంది. లోపల మర్యాద కూడా అదే వరసలో. లామినేషన్‌కి వచ్చినవాడు ఆధార్ కార్డుని రెండు చేతులా పట్టుకుని ఇస్తాడు. థీసిస్ తెచ్చినవాళ్ళు ఆ కాగితాల్ని అంత జాగ్రత్తగా పట్టుకోవడం నేను చూడలేదు. టైపు చేసేది నేను. డిగ్రీ మధ్యలో వదిలేసినవాడు డాక్టర్లని తయారుచేస్తున్నాడని మా ఓనరు బుల్లిరాజు గారు కస్టమర్ల ముందు జోకు వేస్తుంటారు. ఇంగ్లీషు నాకు ఎవరూ చెప్పలేదు. వేళ్ళలోంచి ఎక్కింది. ఆదివారాలు ఏలూరులో పాత పుస్తకాలు అమ్మేచోట చేతికందినది కొనుక్కొచ్చి, అర్థం కానిదాన్ని అర్థమయ్యేదాకా చదివాను. అలా చదివినవాడికి చివరికి మిగిలేది చదవకుండా పెద్దవాళ్ళైనవాళ్ళ మీద ఒళ్ళుమంట.

ఒకసారి ఒక పెద్దమనిషి ఎవరిదో పాత థీసిస్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. "బాబూ, ఇందులో ఈ కవి పేరున్న చోటల్లా ఆ కవి పేరు పెట్టెయ్యి" అన్నాడు. కంప్యూటరుకి అదెంత పని. తర్వాత ఆయనకి డాక్టరేటు వచ్చింది. అభినందనల ఫ్లెక్సీ కూడా మా షాపులోనే వేయించారు.

అందుకే దేవకుమారి మేడమ్ రబ్బరు బ్యాండు వేసిన కాగితాల కట్ట తెచ్చి కౌంటరు మీద పెట్టినప్పుడు నేను తల ఎత్తలేదు. ఆవిడ ఎదుటి కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. యాభై దాటిన మనిషి. నూలు చీర, భుజానికి గుడ్డసంచి.

"ఎప్పటికి కావాలండీ?" అన్నాను.

"తొందరేం లేదు. తప్పులు లేకుండా కావాలి."

"అందరూ తొందరగా కావాలంటారండి. తప్పుల సంగతి ఎవరూ అడగరు."

"నేను రిటైరయ్యేలోపు అయితే చాలు" అన్నారు. నవ్వారో లేదో తెలియలేదు.

ఆ థీసిస్ ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు కవి ఒకాయన మీద. అక్కడ చాలా పెద్ద పేరు, ఇక్కడ యూనివర్సిటీల్లో పాఠం. ఆయన పేరు నేను రాయను. రాస్తే మీరు ఫోన్లో వెతికి నాలుగు ముక్కలు తెలుసుకుని, ఈవిడని మర్చిపోతారు. పైగా దేవకుమారి మేడమ్ పుట్టింట్లో ఆయన్ని పేరు పెట్టి ఎవరూ అనరు. దొరగారు అంటారు. అదెలా వచ్చిందో చెప్తాను.

మూడో అధ్యాయంలో ఒక పద్యాన్ని ఆవిడ మొత్తం ఎత్తి రాశారు. సముద్రపు పాయ ఒకటి ఊరి పక్కనుంచి పోతుంది. కవిగారి అన్న అందులో మునిగిపోయాడు. కవి రోజూ సాయంత్రం గట్టు మీదికి వెళ్ళి పిలుస్తాడు. పోటు వస్తుంది, నీళ్ళు గట్టుదాకా వస్తాయి. పద్యంలో ఇంకేమీ జరగదు. నేను టైపు చేస్తూ చేస్తూ ఆగిపోయాను. పక్కన జెరాక్స్ మిషను తిరుగుతోంది, పిల్లలు హాల్‌టికెట్ల కోసం తోసుకుంటున్నారు. నాకు మాత్రం ఆ నీళ్ళ చప్పుడు వినిపించింది. నీళ్ళు వచ్చాయి అనే ఒక్క మాట అందులో మూడుసార్లు వస్తుంది. మొదటిసారి ఆ నీళ్ళ మీద కోపం వచ్చింది. రెండోసారి వాటికి మన గొడవ పట్టదని తెలిసి భయం వేసింది. మూడోసారి ఏమనుకోవాలో తెలియలేదు. మానిటర్ వంక చూస్తూ కూర్చున్నాను. ఎక్కడో చలిదేశంలో, నేను పుట్టకముందే పోయిన మనిషి, నా అరచేతులు చల్లబడేలా చేశాడు. 

సాయంత్రం ఆవిడ వచ్చినప్పుడు అడిగాను. "మేడమ్ గారూ, మూడోసారి నీళ్ళు వచ్చినప్పుడు, అది జవాబాండీ?"

ఆవిడ సంచి కింద పెట్టారు. "నువ్వు దీన్ని టైపు చేశావా, చదివావా?"

"రెండూనండి."

"నీ పేరేంటి?"

"క్రాంతి కుమారండి."

"చూడు క్రాంతీ, ఒక ఏడు నాకు అది జవాబే అనిపిస్తుంది. ఇంకో ఏడు ఉత్త నీళ్ళే అనిపిస్తుంది. ఆయన ఒక్క అక్షరం మార్చలేదు. అదే మాట. మారేది చదివేవాళ్ళు. ఇన్నేళ్ళైనా నాకు తేలలేదు."

తేలలేదన్న మాట ఒక లెక్చరర్ నోట వినడం నాకు అదే మొదలు.

ఆవిడ రోజూ ఏలూరు నుంచి వచ్చేవారు, నేనూ ఏలూరువాణ్ణే. ఆ తర్వాత సాయంత్రం పాసింజరులో ఆవిడ ఎక్కిన పెట్టె చూసుకుని ఎక్కేవాణ్ణి. ఆవిడ చదివే పద్ధతి అక్కడ చూశాను. వారం అంతా ఒకటే పద్యం. తాడేపల్లిగూడెంలో రైలెక్కగానే పుస్తకం తెరిచి ఒకసారి చదివేవారు. తర్వాత మూసి ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి వరిచేలు చూస్తూ, పెదాలు కదుపుతూ భీమడోలు దాటేదాకా అలాగే ఉండేవారు. ఎక్కడైనా మాట తట్టకపోతే పుస్తకం తెరవరు. ఆ మాట దానంతట అది వచ్చేదాకా ఆగుతారు. పెట్టెలో వాళ్ళు ఆవిడ ప్రార్థన చేసుకుంటున్నారనుకునేవారు. జాంకాయలమ్మే ఆమె ఆ సీటు దగ్గరికి రాగానే గొంతు తగ్గించేది. చోటు చాలకపోయినా ఎవరూ జరగమని అనేవారు కాదు.

"మాట రానప్పుడు పుస్తకం చూసుకోవచ్చు కదండీ" అన్నాను ఒకసారి.

"ఆ మాట దగ్గర ఆయన ఎన్నాళ్ళు ఆగాడో. రెండు స్టేషన్లు నేను ఆగలేనా" అన్నారు.

నేను పుస్తకాలు మింగేవాణ్ణి. ఎన్ని చదివాను, ఎవరికంటే ఎక్కువ చదివాను అన్నదే నా ధ్యాస. ఒక మనిషి ఒక పద్యం పక్కన ఇలా ఏళ్ళ తరబడి కూర్చోవచ్చని నాకు తెలియదు. 

ఆవిడ కథంతా ఆ రైల్లోనే కొంచెం కొంచెంగా తెలిసింది. కైకలూరు అవతల కొల్లేరు ఒడ్డున ఊరు. నాన్న దోనె నడిపేవారు. అమ్మ యేసమ్మ గారు మిషనువాళ్ళు పెట్టిన బైబిల్ ఉమన్. అంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చదివి వినిపించడం, అక్షరాలు నేర్పడం, రోగం వస్తే పక్కన కూర్చుని ప్రార్థన చేయడం. వర్షాకాలంలో లంక ఊళ్ళకి ఆయన దోనె తోస్తుంటే ఈవిడ బైబిలు తడవకుండా కొంగులో చుట్టుకుని కూర్చునేవారట. పిల్లని మధ్యలో కూర్చోబెట్టుకునేవారట. తర్వాత ఏలూరులో మిషను బోర్డింగు, డిగ్రీ, కాన్వెంటులో టీచరు పని, ప్రైవేటుగా ఎం.ఏ., ఈ కాలేజీ. ఎం.ఏ. పాఠంలో ఆ కవి తగిలాడు.

"నీళ్ళ గురించి రాశాడు కదా, మనకి తేలిగ్గా ఉంటుందనుకున్నాను. దిగాక తెలిసింది" అని నవ్వారు.

దొరగారి సంగతి ఇది. చాలా ఏళ్ళ కిందట ఆవిడ పుస్తకంలోంచి ఆ కవి ఫొటో ఒకటి జారి పుట్టింట్లో పడింది. కోటు, టై, దువ్వని జుట్టు, కెమెరా వైపు చూడని కళ్ళు. ఆ పేటలో ఇంగ్లీషు మనిషి అంటే మిషను దొరే. బడి కట్టించింది దొర, ఆసుపత్రి పెట్టింది దొర, చర్చి గోడ మీద ఫొటోల్లో ఉన్నది దొరలు. కూతురు ఒక ఇంగ్లీషు ఆయన రాసింది రాత్రీ పగలూ చదువుతోందంటే ఆయన దైవసేవకుడు కాక ఇంకెవరవుతాడు. యేసమ్మ గారు ఆ ఫొటోని కైకలూరు పంపించి ఫ్రేము కట్టించారు. ఊళ్ళో బడి పెట్టిన దొర పక్కన మేకు కొట్టి తగిలించారు. అప్పటినుంచి ప్రతి తెల్లవారుజామునా, బతికున్న సేవకుల పేర్లు, పోయినవారి పేర్లు చెప్పుకుంటూ, ఈయన పేరు కూడా తనకి పలికినట్టు పలికి, ఈయన సేవ ఫలించాలని ప్రార్థిస్తున్నారు.

కవిగారేమో అన్న పోయిన నాటినుంచి చర్చి గడప తొక్కలేదు. పలకని దేవుడితో మాట్లాడుతూనే జీవితమంతా పద్యాలు రాశాడు.

"అమ్మగారికి చెప్పలేదాండీ?"

"మొదటిరోజే చెప్పాల్సింది. అప్పుడు నవ్వొచ్చింది, ఊరుకున్నాను. తర్వాత ఆ ఫొటో కింద అమ్మ మోకరించడం చూశాక నోరు రాలేదు." కాసేపు కిటికీలోంచి చూశారు. "తెలిస్తే తిట్టదు క్రాంతీ. నన్ను చూసి ఏమీ అనకుండా వెళ్ళి పొయ్యి వెలిగించుకుంటుంది. అది నేను పడలేను. ఇన్నేళ్ళుగా నేను దేని పక్కన కూర్చున్నానో అమ్మకి అబద్ధంగానే తెలుసు. ఆ పద్యం ఒక్కసారి తెలుగులో చెప్పమని అడగనంతకాలం గడిచిపోతుంది."

ఆవిడకి యూనివర్సిటీ అంటే భయం లేదు. వైవా అంటే భయం లేదు. ఉన్న భయం అదొక్కటే.

మొన్న ఆగస్టులో యేసమ్మ గారికి కంటి ఆపరేషన్ అయింది. మేడమ్ సెలవు పెట్టి ఊళ్ళో ఉన్నారు. ప్రూఫులు అక్కడికే తెచ్చివ్వమని ఫోన్ చేస్తే, ఏలూరు నుంచి కైకలూరు బస్సు ఎక్కాను. నాలుగురోజులుగా వాన. రోడ్డుకి రెండువైపులా నీళ్ళే. ఇందులో కొల్లేరు ఎంతవరకు అని అడిగితే బస్సులో ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. చేపల చెరువు గట్టు, రొయ్యల చెరువు గట్టు, మళ్ళీ గట్టు. సరస్సుని ఎవరెవరు ఎంతెంత పంచుకున్నారో కోర్టులకే తేలలేదు. గూడబాతులకి మాత్రం ఏ గొడవా లేదు, ఎవరి చెరువులో పడితే వాళ్ళ చెరువులో తింటున్నాయి.

నేను వెళ్ళేసరికి ఆ ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక మొదలవబోతోంది. ముందుగదిలో ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. కొందరు చెరువుల్లో చేపల పట్టుబడి పని నుంచి నేరుగా వచ్చారు, చీరల అంచులు తడిగా ఉన్నాయి. రొయ్యల ప్లాంటులో తలలు తీసే వాళ్ళ వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. యేసమ్మ గారు గోడకి ఆనుకుని, ఆపరేషన్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు. నేను ప్రూఫులు మేడమ్ చేతికిచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"ఎవరే వచ్చింది?" అన్నారు యేసమ్మ గారు.

"దొరగారి పుస్తకం టైపు చేసే అబ్బాయమ్మా."

"మంచి పని చేస్తున్నావు బాబూ. ఆ స్టూలు మీద కూర్చో. భోంచేశావా?"

ఇంతలో పాస్టరు గారి భార్య ఫోన్ చేశారు. వాళ్ళవైపు రోడ్డు మీదికి నీళ్ళు వచ్చాయి, ఆటోలు రావడం లేదు, ఆవిడ రాలేరు. వాక్యం చెప్పాల్సింది ఆవిడే.

"మీ అమ్మాయి గారు ఉన్నారు కదండీ మామ్మగారూ" అంది మార్తమ్మ అనే ఆమె. పట్టాకి మధ్యలో కూర్చుని అందరికీ చోటు చూపించేది ఆమే. "కాలేజీ పిల్లలకి చెప్పేవారికి మనకి చెప్పడం ఒక లెక్కా."

"ఔనే దేవమ్మా" అన్నారు యేసమ్మ గారు. "దొరగారు చెప్పిన మాట ఒకటి చెప్పు. ఇన్నేళ్ళూ ఏం చదివావో నేనూ విన్నపాపాన పోలేదు."

"ఈవేళ వద్దమ్మా. బైబిల్లోంచి చెప్తాను."

"బైబిలు నేను చెప్పుకోగలనులే. కళ్ళు లేకపోయినా చెప్పగలను. నాకు తెలియంది చెప్పు."

ఆడవాళ్ళు నవ్వారు. మేడమ్ నవ్వలేదు. ప్రూఫులు ఒళ్ళో ఉన్నాయి, ఆవిడ వేళ్ళు కాగితాల అంచుల్ని సర్దుతున్నాయి. ఆ కవి పూలమీద, వసంతం మీద రాసిన మెత్తటి పద్యాలు రెండు మొదటి అధ్యాయంలో ఉన్నాయి. అవి చదివితే గండం గడిచిపోతుంది. లేకపోతే గట్టు పద్యమే చదివి చివర దేవుడు పలికాడని ఒక్క ముక్క కలిపినా చాలు. ఆ గదిలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళం ఇద్దరమే. ఆవిడ నావైపు చూశారు. నేను ఎవరికీ చెప్పను అని నా ముఖం చెప్పిందేమో తెలియదు. 

ఆవిడ మూడో అధ్యాయం తీశారు.

"ఈయన ఊరు కూడా నీళ్ళ ఒడ్డునే. ఈయన అన్న ఆ నీళ్ళల్లో పోయాడు. అప్పుడు రాసుకున్నాడు" అని, ఒక్కో వరస ఇంగ్లీషులో కళ్ళతో చూసుకుని, తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆవిడ దాన్ని ఎన్నడూ తెలుగు చేయలేదు. ఒక్కో మాట దగ్గర రైల్లో ఆగినట్టే ఆగారు.

"అన్నయ్యా అని పిలిచాను. నీళ్ళు వచ్చాయి.
గట్టు మీద గడ్డి తడిసింది, నా కాళ్ళు తడిశాయి.
దేవా అని పిలిచాను. నీళ్ళు వచ్చాయి.
మా అన్న పేరూ నీ పేరూ కలిపి పిలిచాను.
గొంతు ఒకటే, గట్టు ఒకటే. నీళ్ళు వచ్చాయి.
పొద్దు వాలింది. ఇళ్ళల్లో దీపాలు పెట్టారు.
నేనింకా ఇక్కడే నిలబడి ఉన్నాను."

ఆవిడ కాగితం దించారు. బయట చూరునీళ్ళు బకెట్లో పడుతున్నాయి. ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు. వాళ్ళు దేనికి ఎదురుచూస్తున్నారో చెప్పాలి. ఆ కూడికల్లో సాక్ష్యం చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. కష్టం వచ్చింది, ప్రార్థించాను, దేవుడు జయం ఇచ్చాడు. రోగం పోవాలి, తాగుడు మానాలి, తప్పిపోయినవాడు ఇంటికి రావాలి. అప్పుడు లేచి చెప్పాలి, అందరూ స్తోత్రం అనాలి. జయం లేకుండా సాక్ష్యం ముగించకూడదు. ఆ ఊళ్ళో ఈ పద్ధతి నేర్పింది, నిలబెట్టింది యేసమ్మ గారే.

"తర్వాతేమైందండీ?" అంది మార్తమ్మ.

"అంతేనండి."

"అంతేనంటారేంటండీ. దేవుడు పలికాడా లేదా?"

"పలికినట్టు ఆయన రాయలేదు."

"ఇంకో పుస్తకంలో రాసుంటాడు."

"అన్నీ చదివానండి. పోయేదాకా రాయలేదు."

"అయితే సగంలో కూర్చున్నాడన్నమాట" అంది మార్తమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

యేసమ్మ గారి కళ్ళు నల్లద్దాల వెనక ఎటు చూస్తున్నాయో తెలియడం లేదు. "దేవమ్మా, దొరగారు సేవకుడు కాదా?"

"కాదమ్మా."

"మిషనుకి చెందినవాడు కాదూ?"

"కాదు. కవి. పద్యాలు రాశాడు. అన్న పోయాక చర్చికి వెళ్ళడం మానేశాడు."

"నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటినుంచీ తెలుసమ్మా."

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఎంతోమందికి పాఠం చెప్పిన మనిషి, తల్లి ముందు పలక పట్టుకున్న పిల్లలా కూర్చుంది. యేసమ్మ గారు లేచి వంటింట్లోకి వెళ్ళిపోతారేమోనని నేను చూశాను. మేడమ్ కూడా అదే చూస్తున్నారు.

"ముందే చెప్పాల్సింది" అన్నారు చివరికి. "రోజూ ఆయన సేవ ఫలించాలని అడుగుతున్నాను. అన్న పోయినోడి కోసం అడగాల్సింది అదా? ఓదార్పు అడగాల్సింది. అంతమంది పేర్లల్లో ఈయనొక్కడికే తప్పు ప్రార్థన చేశాను."

"ఆయన పోయాడు కదండీ మామ్మగారూ" అంది మార్తమ్మ మెల్లిగా. "పోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యకూడదంటారు కదా పాస్టరు అయ్యగారు."

"అయ్యగారు తెల్లవారుజామున మా ఇంటికి రారుగా."

అప్పుడు పట్టా చివర, తలుపు పక్కన కూర్చున్న ఒకామె లేచి నిలబడింది. పేరు సత్యవేణి. మనిషి ఎముకల గూడు. ఆమె కొడుకు రొయ్యల చెరువులో కరెంటు తగిలి పోయాడని, కూడికకి ఒక్కసారీ మానకుండా వస్తుందని, రెండుమూడుసార్లు సాక్ష్యం చెప్పబోతే యేసమ్మ గారే "ఇంకా జయం రాలేదు కదమ్మా, వచ్చాక చెబుదువుగాని" అని కూర్చోబెట్టారని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం గదిలో అందరూ ఆమెని కాదు, యేసమ్మ గారిని చూశారు.

"మామ్మగారూ, ఇది సాక్ష్యమేనాండీ? దొరగారిది?" అంది.

యేసమ్మ గారు ఆ గొంతు వచ్చినవైపు తల తిప్పారు.

"అయితే నేనూ చెప్పుకుంటానండి. నాదీ అక్కడిదాకానే ఉంది."

నలభై ఏళ్ళుగా తాను నిలబెట్టిన పద్ధతి అది. యేసమ్మ గారి చేయి పట్టా మీద ఏదో వెతుక్కుంది. మేడమ్ తన చేయి అందించారు. 

"చెప్పమ్మా" అన్నారు యేసమ్మ గారు. "ఎందాకా వస్తే అందాకా చెప్పు."

సత్యవేణి గోడవైపు చూస్తూ చెప్పింది. "మావోడు చెరువు కాడ కాపలా ఉండేవోడండి. నీళ్ళు చిలికే ఏరియేటరుకి నాచు చుట్టుకుందని దిగాడు. నీళ్ళల్లో కరెంటు ఉంది. నాకు తెలీదు. అన్నం క్యారేజీ పట్టుకుని గట్టు మీదికెళ్ళి పిలిచానండి. ఏరియేటరు తిరగతానే ఉంది, నీళ్ళు తెల్లగా ఎగరతన్నాయి. మళ్ళీ పిలిచాను. అవతల గట్టు మీద ఉన్నాడేమో, ఆ చప్పుడికి వినపళ్ళేదనుకున్నాను. క్యారేజీ కింద పెట్టి ఇంకా గట్టిగా పిలిచాను. కోపంగా పిలిచానండి, అన్నం చల్లారిపోతందని." ఆగింది. "ఇప్పుడూ అటెళ్తే పిలుత్తానండి. ఎవరూ లేకపోతేనే. దేవుణ్ణీ అడిగాను. నాకేం వినపళ్ళేదు. కూడికకి వత్తన్నాను. పన్లోకి ఎల్తన్నాను. అంతేనండి. ఇంకేం లేదు."

కూర్చుంది.

సాక్ష్యం అయ్యాక స్తోత్రం అనాలి. ఎవరూ అనలేదు. దేనికి అనాలో ఎవరికీ తెలియలేదు. మార్తమ్మ ఒక పాట ఎత్తబోయి, మొదటి అక్షరం దగ్గరే మానుకుంది. పక్కామె సత్యవేణి ఒళ్ళో చేయి వేసింది. నేను చదివినవి ఏవీ నాకు గుర్తుకు రాలేదు. ఎవడి మీదా కోపం కూడా గుర్తుకు రాలేదు. ఎక్కడో సముద్రపు గట్టు మీద నిలబడ్డ ఆ మనిషి పక్కకి అన్నం క్యారేజీ పట్టుకుని ఈమె వచ్చి నిలబడింది, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

"దేవమ్మా" అన్నారు యేసమ్మ గారు. "అది ఇంకోసారి చదువు. ఈసారి ఆయన మాటల్లోనే చదువు."

"మీకెవరికీ అర్థం కాదమ్మా."

"ఏం చెప్తున్నాడో తెలిసిందిగా. ఎలా చెప్తున్నాడో వింటాం. చదువు."

మేడమ్ కాగితం ఎత్తలేదు. దాని అవసరం లేదు. తల్లి చేయి పట్టుకునే, ఎదురుగా ఎవరినీ చూడకుండా, ఇంగ్లీషులో మొదలుపెట్టారు. క్లాసులో చదివే గొంతు కాదది. పొట్టి పొట్టి మాటలు, ఒక్కొక్కటీ తడిబట్ట పిండి తీగ మీద వేసినట్టు. ఆ పద్యం నేను టైపు చేశాను, తప్పులు దిద్దాను, రైల్లో కదిలే పెదాల మీద చూశాను. గొంతుతో వినడం అదే మొదటిసారి.

రెండో వరస పూర్తికాకముందే సత్యవేణి కొంగు తీసి తల మీదికి కప్పుకుంది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ప్రార్థనకీ, వాక్యం చదివేటప్పుడూ తప్ప ముసుగు వేసుకోరు. పక్కామె చూసి తనూ వేసుకుంది. తర్వాత ఆ వరసంతా. మార్తమ్మ ఒకసారి యేసమ్మ గారి వంక చూసింది. యేసమ్మ గారు నల్లద్దాల మీదుగా అప్పటికే కొంగు లాక్కుంటున్నారు. అది చూసి మార్తమ్మ కూడా కప్పుకుంది.

దేవకుమారి మేడమ్ ఆగారు. ఇది వాక్యం కాదని చెప్పడానికి నోరు తెరిచినట్టే ఉంది. ఆ ముసుగులన్నిటినీ ఒకసారి చూసి, చెప్పకుండా, ఆగిన మాట దగ్గరనుంచే మళ్ళీ చదివారు.